ఇంటిని మోస్తున్న తలుపు

'మూడు బాతులు' పబ్బు,
లింటన్‌బరీ, హెరిఫర్డ్‌షైర్.
14 నవంబరు 1953, ఉదయం.

ప్రియమైన అన్నయ్య ఆంబ్రోస్‌కి,

చెల్లెలు హెస్టర్ ప్రేమతో రాయునది. ఇక్కడ మేం క్షేమం. నువ్వూ వదినా క్షేమమని తలుస్తాను.

నాన్నతో నీకు మాటల్లేవని తెలుసు. గోడల్లో కర్రల మధ్య సున్నమే ఉండాలని, సిమెంటు పూస్తే తడి బయటికి పోలేక ఓక్ కలప కుళ్ళిపోతుందని నువ్వు మొత్తుకున్నావు. నా ఇంటికి నువ్వు మేస్త్రీవా అని ఆయన గెంటేశాడు. నువ్వన్నట్టే అయింది. మూల స్తంభం మొదట్లో వేలు పెడితే తడిసిన కేకులా దిగబడుతోంది. మేడను మోసే మూలదూలం దాంతోపాటే జారింది.

నాన్న ఒప్పుకుంటేనా! మెట్లెక్కలేక ఆయన బారు వెనక మూలగదిలోనే పడుకుంటున్నాడు. ఆ గది తలుపు బిగుసుకుంది. ఇల్లు ఒరిగినప్పుడల్లా తలుపు పైఅంచు చిత్రిక పట్టడం మనకి మామూలేగా, ఇదీ అంతే అంటాడు. ఓక్ ఒళ్ళు విరుచుకుంటుందే గానీ పడదే పిచ్చిదానా అంటాడు. మీ నాన్న చెక్కీ చెక్కీ చివరికి ఆ తలుపుని పీట చేసేస్తాడమ్మాయ్ అని మన పాత గిరాకీ టోబయస్ బీరు తాగుతూ ఎకసెక్కాలాడాడు. నాకు నవ్వు రాలేదు.

అన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను, రా. ఏ చెక్కమేకు ఏ బరువు మోస్తోందో నీకు తప్ప ఇక్కడెవరికీ తెలియదు. వచ్చేటప్పుడు చిత్రిక తెమ్మని నాన్న చెప్పమన్నాడు. ఇన్నాళ్ళకి ఆయన నోట నీ పేరు వచ్చింది, అది చాలదా?

నీ రాకకై కళ్ళలో ఒత్తులేసుకుని చూస్తున్న
హెస్టర్

తా.క. పైదంతా నాన్నకి తలుపు సందులోంచి చదివి వినిపించాను. క్షేమమని రాయమన్నది ఆయనే. నిజం ఇది: ఆయన లోపల చిక్కుకుపోయాడు. నిన్న దూలం జారి తలుపు నెత్తిన కూర్చుంది. మేడంతటినీ ఇప్పుడు ఆ తలుపే మోస్తోంది. కిటికీ కమ్మీల్లోంచి పిల్లి తప్ప ఎవరూ దూరలేరు, వాటిని కోస్తే ఆ అదురుకి ఇల్లు కూలుతుందేమోనని ఎవరికీ ధైర్యం లేదు. చిత్రిక ఇమ్మని గోల చేస్తుంటే పోయిందని చెప్పి దాచేశాను. నువ్వు చిత్రిక తేకు, దూలాన్ని ఎత్తిపట్టడానికి జాకీలూ దిమ్మలూ తే. గాలికి ఫోను తీగలు తెగాయి, అందుకే పాల లారీ నడిపే సిరిల్‌తో ఈ ఉత్తరం పంపుతున్నాను. అతనితోనే బయల్దేరు.

ఇప్పుడే లోపల కరకరమని చప్పుడు. రొట్టె కోసే కత్తితో తలుపు పైఅంచు చెక్కుతున్నాడు. వద్దు నాన్నా, ఇల్లంతా దాని మీదే ఉంది అని అరిచాను. నవ్వుతున్నాడు. నా మాట ఏనాడు విన్నాడు గనక. నీ గొంతయితే ఆగుతాడు. చెక్కపొట్టు తలుపు కిందినుంచి నా కాళ్ళ మీదికి వస్తోంది అన్నయ్యా.