పంతులుగారిని అడిగిన షేరు

ఏవండీ,

ఈరోజు మీ సంవత్సరీకం. సిడ్నీ టూంగాబీలో మనింటికి మీ స్నేహితులంతా వచ్చారు. షేర్లు పెరుగుతున్నాయి కదా, మీ ఫొటోకి దణ్ణం పెట్టిన చేతులతోనే ఫోన్లు తీశారు.

భోజనాల దగ్గర మీ ప్రసాద్, తద్దినం పెట్టించిన పంతులుగారినే అడిగాడు. "మైనింగ్ సేఫా, ఏఐ కంపెనీలో పెట్టనా పంతులుగారూ? రాహుకాలం అవగానే బై బటన్ కొట్టేస్తా."

అతను రాహుకాలం చూసింది హైదరాబాద్ క్యాలెండర్‌లో. ఇరవై ఏళ్లుగా సిడ్నీలో ఉంటున్న ఇంజనీరండీ.

"ఆ కంపెనీ ఏం చేస్తుంది బాబూ?" అన్నారు పంతులుగారు.

"తెలీదండీ. అందరూ కొంటున్నారు."

కంపెనీ ఏం చేస్తుందని మీరూ ఇలాగే అడిగేవారు. వీళ్లు మీ వెనక నవ్వుకునేవారు.

మీరు పోయాక ఈ ఇంట్లో ఆ ప్రశ్న వినడం ఇదే మొదటిసారి. వద్దంటున్నా వినకుండా పంతులుగారి విస్తట్లో ఇంకో గారె వేశాను.