బావ టాక్సీకి కొత్త వాల్వ్ సీల్స్

బుధవారం, నాచారం

బావ టాక్సీ స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోందని ఈ రోజు ఇంజన్ విప్పాను. వాల్వ్ సీల్స్ అరిగి, ఆయిల్ లోపలికి కారి కాలుతోంది. ఉప్పల్‌లో కొన్న కొత్త సీల్స్ అచ్చం పాతవాటిలాగే ఉన్నాయి, కానీ ఎక్కిస్తే వదులుగా ఊడివస్తున్నాయి. ఇంతలో బావ ఫోన్ చేశాడు.

"మీ అక్కకు నొప్పులొస్తున్నయ్‌రా. బండి అయిందా?"

"కాలే బావా. జర ఆటోల తీస్కపో."

పాత సీల్ జేబులో వేసుకుని లాలాపేట్‌కు పరుగెత్తాను. అక్కడ దొరికినవి బిగుతుగా కూర్చున్నాయి. సాయంత్రం స్టార్ట్ చేస్తే పొగ రాలేదు. అయినా ఆయిల్ కారి చేరేది బండి ఆగి ఉన్నప్పుడే, రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేస్తేగానీ అసలు సంగతి తెలియదు.

ఆస్పత్రిలో అక్కకింకా కాన్పు కాలేదు. బిడ్డను ఇంటికి తెచ్చేది ఆ బండిలోనే. పొద్దున మళ్లీ పొగ వస్తే...