సన్మానానికి రాను

ఉన్ బస్తీ, సూరత్.

సూరత్ తెలుగు సంఘం అధ్యక్షులు భూమయ్య గారికి నమస్కారం.

మునిగిపోతున్న ఓడ నుంచి పదకొండు మందిని కాపాడిన నా భర్త, నేవీ వీరుడు మహేందర్‌కు ఆదివారం సన్మానమని, వేదిక మీద ఆయన పక్కన కూర్చోమని కబురు పంపారు. నేను రాను.

ఆ ప్రమాదంలో చనిపోయిన తోటి నావికుడి భార్యను ఓదార్చడానికి వెళ్లిన మనిషి, ఏడాదిగా ఆమె దగ్గరే ఉంటున్నాడు. న్యాయం చెప్పమని మీ దగ్గరికొస్తే, “గంత పెద్ద వీరుని ఇజ్జత్ తియ్యకు బిడ్డా, జర ఓర్చుకో” అన్నారు. ఓర్చుకున్నాను.

మొన్న డుమస్ బీచ్‌లో ఆమెతో కనిపించాడు. జనం చుట్టూ మూగి సెల్ఫీలు దిగుతున్నారు. మా హిమశ్రీ “బాపూ” అంటూ ఉరికింది. “గీడ కాదు, పో” అని చెయ్యి విదిలించుకున్నాడు.

వీరుడి భార్య ఎక్కడని ఎవరైనా అడిగితే, సచిన్ ఏరియా బట్టల మిల్లులో డ్యూటీకి పోయిందని చెప్పండి.

ఇట్లు,
హిమశ్రీ తల్లి