సామాను కాసినవాడి పాలు

మెదక్,
ఫిబ్రవరి 8, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన మేనల్లుడు ఉదయ్ కుమార్‌కు,

కాపాడే ప్రభువు నీ పక్కనే ఉండాలని కోరుతూ నీ మామ ఎల్లేష్, అత్త ఎలిశిబా, మీ అమ్మ ఫేబ, మన ప్రార్థన మందిరం వాళ్లందరి వందనాలు. మేమంతా క్షేమం.

నిన్నొక మాట అడుగుతాను, జవాబు చెప్పు. నువ్వు దావీదు కన్నా పెద్దవాడివా?

కోపం తెచ్చుకోకు. షారూఖ్ నిన్న తూప్రాన్ నుంచి వాళ్ల నాయన గులాం రసూల్ గారికి ఫోన్ చేసి చెప్పిన సంగతులు విని అడుగుతున్నాను. భువనేశ్వర్ హాకీ పోటీల నుంచి వచ్చినవాడివి ఇంటికి రాకుండా తూప్రాన్‌లో దిగి, షారూఖ్ టైర్ల దుకాణం వెనక గదిలో ఉంటున్నావట. ఫోన్ బంద్ చేశావట. ఒక్క నిమిషం కూడా ఆడనివాడికి కంచు పతకమెందుకు, తిరిగి పంపేస్తానన్నావట. వచ్చే వారం బెంగళూరులో పెట్టే జట్టు శిబిరానికి పోనని, ఇక హాకీ కట్టె ముట్టనని కూడా అన్నావట. ఫోన్ ఎత్తనివాడికి ఉత్తరమే దారి. అందుకే చిన్నప్పుడు నీకు ఆ కట్టె పట్టించిన గులాం రసూల్ గారి చేతికే దీన్ని ఇచ్చి పంపుతున్నాను.

నీకు మొహం చెల్లకపోవడానికి కారణం మేమే. ఏం జరిగిందో విను.

దేశదేశాల జట్లు వచ్చిన ఆ పోటీలు మొదలైన రోజునే మందిరం గోడకు తెల్ల దుప్పటి కట్టి, కిరాయి ప్రొజెక్టర్ పెట్టాం. బొమ్మ మసక. పేర్లు చదవరావు. ఇంగ్లిష్ మాటలు అర్థం కావు. గోల్ ముందు నిలబడ్డవాడికి నెత్తిన హెల్మెట్, మొహానికి జాలీ, కాళ్లకు దిండ్లంత ప్యాడ్లు. మన ఉదయ్ గోల్‌కీపర్ కదా, అక్కడున్నది ఉదయే అనుకున్నాం. జట్టుకు ఇద్దరు గోల్‌కీపర్లు ఉంటారని, ఒకరు ఆడుతుంటే రెండోవాడు బెంచీ మీద ఉంటాడని మాలో ఎవరికి తెలుసు?

మూడో స్థానం కోసం ఆడిన ఆట సమమైంది. అవతలివాళ్లు ఒక్కొక్కరే బంతి తీసుకొని గోల్‌కీపర్ మీదికి వచ్చే ఘడియ వచ్చింది. అప్పుడు బెంచీ దగ్గర నుంచి ఒక పిల్లవాడు నీళ్ల సీసా పట్టుకొని ఉరికాడు. గోల్‌కీపర్ భుజం మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో చెప్పి వెనక్కి వచ్చాడు. దుప్పటి మీద వాడి వీపే కనబడింది. మీ అత్త కొంగుతో కళ్లు తుడుచుకొని, "ఎవల కొడుకో పాపం, మన ఉదయ్‌కు నీళ్లు తెచ్చిండు. దేవుడు వాన్ని సల్లగ జూడాలె" అన్నది.

ఆ దీవెన ఎవరికి తగిలిందో నీకే తెలియాలి!

ఇక నేను మైకు పట్టుకొని, ప్రభువా ఉదయ్ చేతులు బలపరచుమని గొంతు చించుకున్నాను. బంతి ఆగినప్పుడల్లా మందిరం దద్దరిల్లింది. గెలిచిన ఘడియ నుంచి నీకు ఫోన్ల మీద ఫోన్లు, నీ చేతుల్లో దేవుడున్నాడని మెసేజ్‌లు. తెల్లారేసరికి మందిరం ముందు ఫ్లెక్సీ లేచింది, గోల్స్ ఆపిన మన ఉదయ్ అని. అదే పొద్దున గులాం రసూల్ గారు పేపర్ పట్టుకొని, నవ్వు ఆపుకోలేక వచ్చారు. "ఎల్లేష్ భాయ్, నీ దువా మస్తు గట్టిది. గని గోల్ల నిలబడ్డది మనోడు గాదు" అన్నారు. ఫ్లెక్సీ అప్పుడే దించాను. ఇప్పుడది మీ అత్త కోళ్లగూడు మీద ఉంది.

ఆ రోజు నీళ్ల సీసాతో ఉరికింది నువ్వేనని, రోజూ సాధనలో గోల్ ముందు నిలబడి సొంత జట్టువాళ్ల దెబ్బలు కాసేది నువ్వేనని, నీ ఒంటి మీది కమిలిన మచ్చలు అవేనని కూడా ఆయన చెప్పారు. విని కడుపు నిండింది. అయినా బిడ్డా, ఆ మచ్చలు లేకున్నా నా మాట ఇదే.

ఈ పొద్దు ఆరాధనలో అందరి ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పి, బెసోరు వాగు సంగతి తీశాను. దావీదు మనుషుల్లో కొందరు అలసిపోయి ఆ వాగు దాటలేక సామాను దగ్గరే ఉండిపోయారు. మిగతావాళ్లు పోయి, గెలిచి, సొమ్ముతో తిరిగొచ్చారు. మాతో రానివాళ్లకు సొమ్ములో పాలెందుకని కొందరు గొణిగారు. దావీదు ఒప్పుకోలేదు. ఇది దేవుడిచ్చింది, పోరాడినవాడికెంత పాలో సామాను కాసినవాడికీ అంతే అన్నాడు. ఆ నాటి నుంచి అది అందరూ పాటించే కట్టడ అయింది. అట్లా గొణిగినవాళ్లను లేఖనం దుర్మార్గులంటుంది. మరి నా పాలు నాకొద్దన్నవాడిని ఏమంటుందో వెతికాను. దొరకలేదు. వాగు ఒడ్డున ఉండిపోయినవాళ్లలో ఒక్కడు కూడా ఆ మాట అనలేదు.

అప్పుడు హవేలిఘనపూర్ నుంచి వచ్చే ఐలమ్మ లేచి నిలబడ్డది.

"గిది మాకు దెల్వని ముచ్చటనా అయ్యా? నాట్లప్పుడు సంటిపిల్లల్ని పట్టుకొని ఒడ్డు మీద కూసునే ముసల్దానికి గూడ అందరితోటి సమానంగనే కూలి ఇస్తం. నువ్వు బురదల దిగలేదని ఎవ్వలన్న అంటరా? పిల్లలు ఏడుస్తుంటె మా చెయ్యి నాటు మీద ఆడుతదా?"

మందిరమంతా ఆమేన్ అన్నది.

కాబట్టి ఈ ఉత్తరం నిన్ను ఓదార్చడానికి కాదు, నీకు కృతజ్ఞత చెప్పడానికి. ప్రతి ఆటకూ ప్యాడ్లు కట్టుకొని, పిలుపు రాకున్నా మొహం మాడ్చుకోకుండా కూర్చున్నందుకు. గోల్ ముందు నిలబడ్డవాడు తడబడితే ఆ చోటు నీదవుతుందని తెలిసి కూడా, వాడు గెలవాలని నీళ్లు పట్టుకొని ఉరికినందుకు. నేను ఊరూరా తిరిగి పొరుగువాణ్ణి ప్రేమించుమని అరుస్తాను. నువ్వు అరవకుండా చేసి చూపించావు. దేవునికి స్తోత్రం, నీకు వందనం.

ఈ సాయంత్రం మీ ఇంట్లో కృతజ్ఞత కూటం. నిజం తెలిసినవాళ్లే వస్తారు, తెలిసే వస్తారు. ఎవరూ నిన్ను గోల్స్ గురించి అడగరు.

ప్రభువు పనిలో,
నీ మేనమామ
ఎల్లేష్

తా.క.: ఉత్తరం మడవబోతుంటే, కూటానికి ఉల్లిగడ్డలు కోస్తున్న మీ అమ్మ నాతో ఒక మాట అన్నది. దాన్ని దాచిపెట్టి ఈ కవరు అంటించలేను. ఆమెకు మొదటి ఆటలోనే తెలుసట. "గోల్ల ఉన్నోని నడక వేరే ఉండె అన్నా. నా కొడుకు బెంచి మీద కూసున్నడని నాకు అప్పుడే సమజైంది" అన్నది. మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. "మీరంత ఆ పిలగాని కోసం గంతగనం మొర్రవెడుతుంటే ఎందుకు ఆపాలె? వానికి గూడ తల్లి ఉంటది గద. నా కొడుకు కోసం నేను మనసుల వేరే అడుక్కున్న" అన్నది. ఏమని అడుక్కున్నావే అంటే, ఆడినా ఆడకున్నా తల ఎత్తుకొని ఇంటికి రావాలని అన్నది.

ఆ ప్రార్థనకు జవాబు ఇవ్వాల్సింది ఇప్పుడు దేవుడు కాదు, నువ్వు. గులాం రసూల్ గారు నీ ముందే నిలబడి ఉన్నారు. సంచి భుజానికి తగిలించుకో. ఆయనతో మెదక్ బస్సు ఎక్కు. రేపటిదాకా ఆగకు, ఆలోచిస్తూ కూర్చోకు. లే, ఈ రోజే, ఇప్పుడే రా.