అమ్మా, ఆ నెంబర్లు చెరపకు

అమ్మా,

ముందు ఒక్క మాట. ఈ ఉత్తరం ఆఖరిదాకా చదివేవరకు నీ ఫోనులో ఏదీ చెరపకు. ఫోను నిండిపోతోందని వచ్చే ఆదివారం పాత మెసేజ్‌లన్నీ తుడిచేస్తానని రాశావు కదా. ఆ పని పెట్టుకోకు. ఎందుకో చెప్తా. చెప్పడానికి నాకు కాస్త టైం పడుతుంది, నీకు తెలిసిందే.

నీకు దండాలు. ఇక్కడ అమ్మమ్మా నేనూ చెల్లీ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ నువ్వు చూసుకునే ముసలావిడా బాగున్నారనుకుంటున్నా. ఆవిడని మంచం మీంచి లేపేటప్పుడు నీ నడుం చూసుకో.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మమ్మ కంటి చుక్కలు రోజూ వేస్తున్నా. చుక్క పడే టైముకి సరిగ్గా కన్ను మూసేస్తుంది, తర్వాత వెయ్యలేదని నన్నే తిడుతుంది. సగం సీసా చెంపల మీదుగానే పోయింది. చెల్లి జడ తనే వేసుకుంటోంది. ఒక పక్కకి వంకరగా వస్తుంది, అంటే అదే ఫ్యాషన్ అంటుంది. వంటగది కొళాయి ఇంకా కారుతూనే ఉంది. ఇంటాయనకి నాలుగుసార్లు చెప్పా. అంటే మూడుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశా, ఒకసారి చెప్పా.

బుధవారం పగలు ఫోన్ చేసినప్పుడు ఇంట్లో ఎందుకున్నావురా అని అడిగావు. సెలవు అన్నా. సెలవు కాదమ్మా. నన్ను పనిలోంచి తీసేశారు.

ఇప్పుడు నువ్వు ఫోన్ చెయ్యొద్దు. చేస్తే నేను ఊఁ, ఆఁ తప్ప ఏమీ అనలేను, పక్కన అమ్మమ్మ ఉంటుంది. అందుకే మెట్ల మీద కూర్చుని ఇదంతా టైపు చేస్తున్నా. బొటనవేళ్ళు పీకుతున్నాయి.

నా పనేంటో నీకు సగమే తెలుసు. స్కూళ్ళలో, ఆఫీసుల్లో గోడకి మంటలార్పే ఎర్ర సిలిండర్లు ఉంటాయి కదా, వాటిని ఏడాదికోసారి చూసే కాంట్రాక్టు మా కంపెనీది. కంపెనీ ప్రైవేటుదే, పని ప్రభుత్వానిది. వ్యానులో ముగ్గురం వెళ్తాం. తాళాలాయన మా సూపర్‌వైజరు, నడుముకి తాళాలగుత్తి వేలాడేసుకుని వస్తాడు కాబట్టి అందరూ అలాగే అంటారు. స్టిక్కర్లు అంటించేది మామ, మన చుట్టం కాదు, వరసకి అలా పిలుస్తా, పెద్దాయన, ఇంకో ఏడాదిలో పనిలోంచి దిగిపోతాడు. సిలిండర్ దించి తలకిందులు చేసి చెవి ఆనించి వినేది నేను. లోపల పొడి ఉంటుంది. బాగుంటే ఇసక జారినట్టు సర్రున జారుతుంది. గడ్డకట్టిపోతే ఏ చప్పుడూ రాదు. అలాంటిది మంట మీద నొక్కితే తుస్సుమని గాలొస్తుంది, అంతే. దాన్ని వ్యానెక్కించాలి, విప్పాలి, కొత్త పొడి నింపాలి. అప్పుడే కొత్త తేదీ స్టిక్కరు అంటించాలి, విన్నవాడు దాని మీద సంతకం పెట్టాలి.

నేను విని “లేదు” అంటే తాళాలాయన “ఉందిలే, పెట్టెయ్” అనేవాడు. మామ స్టిక్కరు అంటించి తన సంతకమే గీకేసేవాడు. సిలిండర్ మళ్ళీ గోడెక్కేది. వ్యాను మాత్రం ఖాళీగా వెళ్ళి ఖాళీగా వచ్చేది. కొత్త పొడి నింపామని మాత్రం అన్నిటికీ బిల్లు వెళ్తుందని మామే చెప్పాడు.

నాకు వినడం ఒక్కటే వచ్చు. దాన్ని కూడా లెక్కచెయ్యకపోతే నేనెందుకు మరి. అందుకని చప్పుడు రాని ప్రతిదాని అడుగున కొట్టిన నెంబరు అట్టముక్క మీద రాసుకునేవాణ్ణి. ఇరవైమూడయ్యాయి. ఒక సోమవారం మధ్యాహ్నం అవన్నీ టైపు చేసి, కింద “ఇవి నింపలేదు, స్టిక్కరు వేశారు, పిల్లలున్న చోటు” అని రాసి నీకు పంపా. ఎవరికి ఏం రాసినా ముందు నీకు పంపడం, నువ్వు దిద్దడం మనకి అలవాటే కదా. ఏడో క్లాసులో బడి మానేసినప్పటి నుంచి నా టీచరువి నువ్వే.

నువ్వు పోయిన ఉత్తరంలో అడిగావు చూడు, ఆ నెంబర్లేంట్రా, ఎక్కాలు నేర్చుకుంటున్నావా అని. అవే ఇవి.

మర్నాడు, మంగళవారం, షెడ్డులో తాళాలాయన ఖాళీగా కనిపించాడు, మామ మూలన బూట్లు తుడుచుకుంటున్నాడు. చెప్దామని వెళ్ళా. నోరు పెగల్లేదు. అందుకని ఫోనులో నీకు పంపిన మెసేజ్ తెరిచి ఆయన ముందుకి చాపా. నిదానంగా చదివాడు. పైన పేరు చూశాడు.

“ఎవరికి పంపావు ఇది?”

“మా అమ్మకి.”

నవ్వాడమ్మా. కోప్పడినా బాగుండేది. “అమ్మకి చెప్పుకున్నావా. మంచి పని చేశావు నాన్నా” అని, నా ఫోనులో నీ మెసేజ్‌లన్నీ మొత్తం చెరిపేసి, ఫోను నా జేబులో పెట్టి జేబు మీద తట్టాడు. నేను బయటికొచ్చి నీకు “చూపించాను, చెరిపేశాడు” అని ఒక ముక్క పంపా. నువ్వు “సరేరా, తిన్నావా” అని పంపావు. నేనేం చూపించానో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

శుక్రవారం కాగితం చేతిలో పెట్టారు. కూడబలుక్కుని చదివా. “చదవడం, రాయడం రానందున” తీసేస్తున్నామని ఉంది. చదవడం రాదని రాసిన కాగితాన్ని నేను పావుగంట కూర్చుని చదివానమ్మా. పనిలో చేరిన రోజే నా చదువు సంగతి చెప్పా. అప్పుడు తాళాలాయన చెవులుంటే చాలన్నాడు.

అక్కణ్ణుంచి మొదలైంది చూడు నా తిరుగుడు. స్కూలు హెడ్మాస్టరమ్మ దగ్గరికి వెళ్తే, సిలిండర్లు మావి కావు, మరమ్మతుల ఆఫీసువి అంది. మరమ్మతుల ఆఫీసులో, నువ్వు మా మనిషివి కావు, కాంట్రాక్టరు మనిషివి, కార్మికుల ఆఫీసుకి వెళ్ళు అన్నారు. కార్మికుల ఆఫీసులో, పని ప్రభుత్వానిది కాబట్టి మరమ్మతుల ఆఫీసుకే వెళ్ళు అన్నారు. మళ్ళీ వెళ్తే ఆ కిటికీలోని మనిషే, మళ్ళీ వచ్చావేంటి అన్నాడు. ప్రతిచోటా మొదట్నుంచి చెప్పాలి. ఒక్కసారి చెప్పడానికే నాకు చెమటలు పడతాయి, అలాంటిది ఆరుసార్లు. నాలుగోసారికి నా సంగతంతా ఇంకో అట్టముక్క మీద రాసుకుని అదే చాపడం మొదలుపెట్టా. దాన్ని చూసి ఒకాయన, ఏ కంపెనీ సరుకు అమ్ముతున్నావ్ బాబూ అని అడిగాడు.

చివరికి ఒక ముసలి బంట్రోతు జాలిపడి మరమ్మతుల ఆఫీసులోనే వెనక గది చూపించాడు. అక్కడ ఒక మేడం ఉంది. విపరీతమైన జలుబు, మాట్లాడినంతసేపూ ముక్కు తుడుచుకుంటూనే ఉంది. కానీ వింది. మధ్యలో ఆపకుండా విన్నది ఆవిడొక్కతే.

ఆవిడ చెప్పిందేంటంటే, నాలాంటి వాళ్ళ కోసమే ఒక రూలుందట. ప్రభుత్వం డబ్బుతో పనిచేసే కాంట్రాక్టరు దగ్గర జీతానికుండేవాళ్ళు, అక్కడ తప్పు జరుగుతోందని పై ఆఫీసుకి చెప్పినా, కంపెనీలో తమ పైవాడికి చెప్పినా, అలా చెప్పినందుకు పనిలోంచి తీసెయ్యకూడదు, సతాయించకూడదు. తీసేస్తే మళ్ళీ పెట్టుకోవాలి. “ఈ విషయం మీ షెడ్డు గోడ మీద పెద్ద కాగితం మీద ఉండాలి. లేదా?” అని అడిగింది.

ఉందమ్మా. తలుపు పక్కన మేకుల కింద ఏదో పసుపు కాగితం ఉండేది. ఆ మేకుకి పదకొండు నెలలుగా రోజూ నా ఏప్రాన్ నేనే తగిలించా. నన్ను కాపాడే కాగితాన్ని నా ఏప్రాన్‌తో నేనే కప్పా. ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలియలేదు.

అయితే ఒక మెలిక ఉంది. నేను ముందు చెప్పానని, ఆ తర్వాతే తీసేశారని తేలాలి. అది తేలితే చాలట, అప్పుడు వేరే కారణం ఉందని చూపించుకోవాల్సింది వాళ్ళే. మేడం నా ముందే కంపెనీకి ఫోన్ చేసింది, స్పీకరు పెట్టి. తాళాలాయన గొంతు ఎంత తియ్యగా ఉందో. “వాడు చెప్పడమేంటి మేడం? వాడు నోట్లో నాలుక లేనివాడు. ఏడాదిలో వాడి గొంతు మేం పదిసార్లు విన్నామేమో. ఎవర్నైనా అడగండి.”

అడిగితే అందరూ అదే అంటారు. అదే నిజం కూడా. పుట్టినప్పటి నుంచి నోరు మూసుకుని ఉన్నందుకు, ఒక్కసారి చెప్పింది కూడా చెప్పనట్టే అయింది.

మామ ఇంటికి వెళ్ళా. ఆయన ఆ రోజు మూలనే ఉన్నాడు కదా. గుమ్మంలోనే నిలబెట్టి, లోపల ఆవిడకి వినపడకుండా మెల్లగా అన్నాడు. “నేను చూశాన్రా. కానీ ఏడాది ఆగాక చూస్తాను. ఇప్పుడు చూడలేదు.” నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన మాటిమాటికీ వెనక్కి తిరిగి లోపలికే చూసుకుంటున్నాడు, ఏమీ అనలేకపోయా. మామూలుగా కూడా అనలేనులే.

నెంబర్ల అట్టముక్క నీకు పంపిన రోజే పారేశా. నా ఫోనులో మిగిలింది “చూపించాను, చెరిపేశాడు” అన్న ముక్కా, నీ “తిన్నావా” మాత్రమే. ఏం చూపించావు, ఎవరు చెరిపారు అని మేడం అడుగుతోంది. అదంతా నీ దగ్గరుంది. సోమవారం తేదీతో ఇరవైమూడు నెంబర్లూ, మంగళవారం తేదీతో ఆ ముక్కా. అమ్మకి చెప్పుకుంటే ఎవరికీ చెప్పనట్టే అనుకున్నాడు తాళాలాయన. నీ ఫోనులోది చెరపాలన్న ఆలోచన కూడా ఆయనకి రాలేదు.

అందుకని ఆ మెసేజ్ మీద వేలు పెట్టి నొక్కి ఉంచు. బాణం గుర్తొస్తుంది. కింద మేడం నెంబరు పెడుతున్నా, రెండు మెసేజ్‌లూ దానికి పంపు. శుక్రవారం లోపల చేరాలి.

ఇక్కడిదాకా రాసి రెండుసార్లు ఆపేశా. ఇంకొకటి ఉందమ్మా. మేడంకి కూడా చెప్పలేదు.

ఆ లిస్టులో ఆఖరి నెంబరు చెల్లి స్కూల్లోది. దాని క్లాసు తలుపు పక్కనే ఉంటుంది. ఆ రోజు మామ వ్యాను దగ్గరికి వెళ్ళాడు. నేను సిలిండర్ తిప్పి చెవి ఆనించా. ఏ చప్పుడూ లేదు, బండరాయిలా ఉంది. కిటికీలోంచి చెల్లి చూసి చెయ్యి ఊపింది. క్లాసు క్లాసంతా ఇటు తిరిగి నన్నే చూస్తోంది. తాళాలాయన స్టిక్కర్ల చుట్ట నా చేతిలో పెట్టి “కానియ్” అన్నాడు. అంతమంది చూస్తుంటే నాకు అక్కణ్ణుంచి పోతే చాలనిపించింది. అంటించేశా. సంతకం కూడా పెట్టా. ఇరవైరెండు మామ అంటించినవి, ఇరవైమూడోది నేను. ఆ తర్వాత నాలుగు రోజులు ఆగి గానీ నీకు ఆ మెసేజ్ పంపలేదు.

నువ్వేమైనా అంటించావా అని మేడం అడిగింది. అంటిస్తే ముందే చెప్పు, రూలు నీకూ వర్తిస్తుంది, కానీ దాచి తర్వాత వాళ్ళు బయటపెడితే నీ మిగతా మాట కూడా ఎవరూ నమ్మరు అంది. నేను నేలకేసి చూశా. ఆవిడ దాన్ని లేదు అని రాసుకుంది.

అది ఇంకా గోడ మీదే ఉందమ్మా. ఆఫీసువాళ్ళు వచ్చి చూస్తారట, ఎప్పుడో తెలీదు. నిన్న చెల్లిని స్కూలు దగ్గర దింపుతూ, ఎప్పుడైనా పొగ వస్తే ఆ ఎర్రదాని జోలికి పోకు, తిన్నగా బయటికి పరిగెత్తు అని చెప్పా. అది నన్ను వింతగా చూసింది.

“ఎందుకు? అది నువ్వు బాగు చేసిందేగా. మా క్లాసులో అందరికీ చెప్పాను.”

దాని సంచి దాని భుజానికి తగిలించి వచ్చేశా.

నువ్వు ఆ మెసేజ్ పంపే ముందు నాకోసం ఆ ఆఖరి నెంబరు తీసేద్దామా అనిపిస్తుంది నీకు. నాకు తెలుసు. ఎప్పుడూ నా తప్పులు దిద్దే పంపుతావు కదా. ఈ ఒక్కటి దిద్దకు. ఇరవైరెండు పంపితే నా పని నాకొస్తుందేమో. ఇరవైమూడు పంపితేనే అది గోడ దిగుతుంది. శుక్రవారం నేనే వెళ్ళి దాని మీద సంతకం నాదే అని మేడంకి చెప్తా. నోరు పెగలకపోతే ఈ ఉత్తరమే తెరిచి చాపుతా. ఆవిడ చెరపదు.

కొళాయి సంగతి ఇంటాయనకి రేపు మళ్ళీ చెప్తా. ఈసారి గుమ్మం దాకా వెళ్ళి తిరిగి రాను.

ఇట్లు,
నీ కొడుకు,
చెల్లికి అన్నయ్య