ఒక్క కాలు చాలట

ఏవండీ,

మీ మాటే నిజమైంది. పెళ్లయిన కొత్తలో నేను ఒళ్లంతా దద్దుర్లతో ఏడుస్తుంటే, "మీ బందరు దోమలు వేరు, మా దివిసీమ దోమలు వేరు" అని నవ్వేవారు కదా. మలేరియా దోమల మీద పరిశోధన చేసే ఒకమ్మాయి పోయిన నెల మన పశువుల పాకలో దోమలు పట్టింది. చూపుకి ఒకలాగే ఉన్నా, కృష్ణ పాయకి అటువైపువి ఒక వంశం, ఇటువైపువి ఇంకో వంశమట.

"పాత దోమ ఏదైనా ఉంటే ఇస్తారా పిన్నిగారూ? ఎండిపోయిందైనా పర్లేదండీ. ఇప్పటివి దాని సంతానమో కాదో చూస్తాం" అంది.

ఆ మలేరియా జ్వరంలో మీరు పోయిన రోజు మడిచిన దోమతెర ట్రంకుపెట్టెలోనే ఉంది. విప్పాను. ఎన్నిసార్లు చెప్పినా వినకుండా కాలు బయటికి చాపేవారే, ఆ అంచు మడతలోనే ఉంది ఒకటి. పొట్ట ఇంకా నల్లగా ఉంది.

"రక్తం తాగిందండీ" అంటూ నా మొహం చూసి ఆగిపోయింది ఆ అమ్మాయి. "మాకు ఒక్క కాలు చాలు."

కాలు తుంచుకుని వెళ్లింది. మిగతాది నా కుంకుమ భరిణెలో పెట్టాను. అది ఎటూ ఖాళీయే కదా.

ఇవాళ ఫోన్ చేసింది. పాకలో తిరిగేవి దాని వంశానివేనట.

సాయంత్రం దీపం పెట్టి వస్తుంటే ఒకటి నా ముంజేతి మీద వాలింది. కొట్టబోయి చెయ్యి ఆపాను. తాగినంత తాగి, పొట్ట ఎర్రబడ్డాక బరువుగా లేచి గదిలోకి వెళ్లింది. మీ మంచం పట్టె మీద, మీరు కాలు చాపే వైపే వాలింది.