ఉన్నట్టుండి ఆపొద్దక్కా

బెంగళూరు

మా ఈరమ్మక్కకు, బావగారికి తమ్ముడు వీరేశు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నేను తిరుగుతూనే ఉన్నాను, దిగులుపడొద్దు. నీ ఆయాసం ఎలా ఉంది? గోనెగండ్లలో వాన పడిందా? పాప బడికి పోతోందా?

మళ్లీ అపార్ట్‌మెంటు గేటు దగ్గర పనిలో చేరాను. ఇక్కడ ఒకటే ముసురు. హోటల్లో తింటున్నాను, తిండికి ఇబ్బంది లేదు. గదికి పోతేనే పలకరించే మనిషి లేదు.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాటకు భయమేసింది. "ఆ మాత్రేరా సుజాతను తినేసింది. ఆయాసానికి నేనూ అదే మింగుతాండా, పాప పేరు సదివి సెప్పింది. రేపట్నించి ముట్టను పో" అన్నావు. ఆపనివ్వొద్దని బావకు అప్పుడే చెప్పాను. ఎందుకో ఫోన్‌లో చెప్పలేక పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

కీళ్లు వాచి, విడవని జ్వరంతో నీ మరదలు సుజాత మంచం పట్టినప్పుడు లేపి నిలబెట్టింది ఆ స్టెరాయిడ్ మాత్రేనక్కా. ఒంటిని కాయాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బట. మాత్ర పడ్డాక కొద్ది రోజులకే లేచి తన జడ తానే వేసుకుంది. తర్వాత ముఖం గుండ్రంగా ఉబ్బింది. పొట్ట వచ్చింది, చక్కెర పెరిగింది. "జబ్బు అణిగేకొద్దీ మెల్లగా తగ్గిస్తాను. మీ అంతట మీరు ఆపకండి" అని డాక్టరమ్మ వెళ్లినప్పుడల్లా చెప్పేది.

ఎమ్మిగనూరులో సుజాత పిన్ని కూతురి పెళ్లికి పోయాం కదా. అక్కడ వాళ్ల పెద్దమ్మ అందరి ముందూ దాని పొట్ట నిమిరి, "ఎన్నో నెలమ్మా? ఇన్నాళ్లకు దేవుడు కండ్లు తెరిసినాడు" అంది. సుజాత నవ్వి కొంగు సర్దుకుంది. బస్సు ఆదోని దాటాక అడిగింది, "మాత్రలు మానేస్తే మళ్లా ముందు మాదిరి అయితానా?" అని. "డాక్టరమ్మే తగ్గిస్తాదిలే" అన్నాను. సరేనంది.

కానీ మానేసింది. నాకు చెప్పలేదు. కొన్నాళ్లకు వాంతులు, కళ్లు తిరగడం. పెళ్లి భోజనం పడలేదనుకున్నాం. ఒక పొద్దున లేపితే లేవలేదు. ఆస్పత్రిలో "మాత్ర ఎప్పుడు ఆపింది?" అన్నారు. "ఆపలేదు సార్" అన్నాను. గదికి వచ్చి చూస్తే మాత్రలు అలాగే ఉన్నాయి. సెలైన్లు, ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆలస్యమైపోయింది.

ఆ మందులాంటిది ఒంట్లో దానంతటదే ఊరాలట. చాలాకాలం బయటినుంచి మింగితే ఊరడం తగ్గిపోతుందట. ఒక్కసారిగా మానేస్తే రెండూ లేక ప్రాణం మీదికొస్తుంది. అలాగని మీ ఊరి కాంపౌండరు ఇస్తున్నాడు కదా అని ఏళ్ల తరబడి మింగడమూ తప్పే, ఎముకలు గుల్లబారతాయి. బావను తీసుకుని ఆదోని ఆస్పత్రికి పో. మాత్రల అట్ట చూపించు, ఎన్నాళ్లుగా మింగుతున్నావో దాచకుండా చెప్పు. ఎంత తగ్గించాలో వాళ్లే చెప్తారు.

సుజాత పెద్దమ్మ కనబడితే ఏమీ అనొద్దు. పాపం, ఆమె దీవించాననే అనుకుంది.

బావగారికి, మామకు దండాలు. పాపకు ముద్దులు. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి, నీ చేత్తో నన్ను దీవించు. ఇంకోసారి ఏడుస్తూ ఊరి బస్సెక్కే బలం నాకు లేదక్కా.

నీ తమ్ముడు,
వీరేశు